రాయబారం వరుస తప్పింది: ఒక పద్యాల లైబ్రరీ కేసు

అనంతపురంలో నాది చిన్న షాపు. పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం, పాడైన డిస్కుల్లోంచి డేటా తీయడం మా పని. ఈ కేసులో నేను మూడుసార్లు తప్పుదారి పట్టాను, అందులో ఒక తప్పు ఇప్పటికీ పూర్తిగా సర్దుబాటు కాలేదు. అందుకే కొంచెం వివరంగా రాసిపెడుతున్నాను. పెద్దాయన ఒప్పుకున్నాకే రాస్తున్నా. ఆయన పేరు, ఊరు, నాటక సమాజం సంగతులు వదిలేశాను. లెక్కలు మాత్రం నా పని పుస్తకంలో రాసుకున్నవే.

నేపథ్యం

ఆయన రిటైరైన టీచరు. మా వైపు అలవాటు ప్రకారం అయ్యవారు అనే రాస్తాను. వయసు డెబ్బై దాటింది. నలభై ఏళ్లుగా పద్య నాటకాలకు హార్మోనియం వాయిస్తున్నారు. పేరుమోసిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ 1880లో పుట్టింది మా తాడిపత్రిలోనే. ఈ జిల్లాకు పద్యం పిచ్చి ఈనాటిది కాదు. జాతర వస్తే తెల్లవార్లూ నాటకం ఆడించే ఊళ్లు ఇంకా ఉన్నాయి.

నాటకం ఆడిన రాత్రి స్టేజీ పక్కన టేప్ రికార్డర్ పెట్టి ఎవరో ఒకరు రికార్డు చేసేవాళ్లు. అట్లా చేరిన క్యాసెట్లు నూట నలభై. ఐదారేళ్ల కిందట వేరే ఊళ్లో ఒక స్టూడియోవాళ్ల చేత వాటిని ఎంపీ3లుగా మార్పించుకున్నారు. వాటికి తోడు సీడీలు, ఫోన్‌లో రికార్డు చేసినవి, వాట్సాప్‌లో వచ్చినవి. అన్నీ ఒక పాత లాప్‌టాప్‌లో, ఒక బయటి హార్డ్ డిస్కులో ఉన్నాయి. ప్రాక్టీసుకు మాత్రం బొత్తాలున్న చిన్న ఎంపీ3 ప్లేయర్ వాడతారు, మెమరీ కార్డు పెట్టుకునేది.

ఫోన్‌లోనే వినొచ్చు కదా అని మొదటి రోజే అడిగాను.

"ఒక చెయ్యి తిత్తి మీద, ఇంకో చెయ్యి మెట్ల మీద ఉంటాదప్పా. సూడకుండానే బొత్తాం నొక్కల్ల. ఫోన్‌లో అయితే పద్యం మధ్యలో ఎవడో ఒకడు లోన్ కావాలా అని ఫోన్ చేస్తాడు."

ఆ మాటతో ప్లేయర్ మార్చే ఆలోచన వదిలేశాను. ఆయన చేతికి అలవాటైన వస్తువు అది. పని దాని చుట్టూ జరగాలి.

వచ్చిన సమస్య

"రాయబారం సీన్లో కృష్ణుడు వచ్చేసి వెళ్లిపోయినాక దుర్యోధనుడు ఇప్పుడు లేచి స్వాగతం చెప్తున్నాడు" అన్నారు. అంటే పద్యాలు సీను వరుసలో రావడం లేదు. రెండోది, స్క్రీన్ మీద పేర్ల బదులు డబ్బాలు కనిపిస్తున్నాయి. మూడోది, కొన్ని రికార్డింగులు మొదలై వెంటనే ఆగిపోతున్నాయి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనవడు సెలవుల్లో వచ్చి ఒక మ్యూజిక్ లైబ్రరీ ప్రోగ్రాం పెట్టి, లాప్‌టాప్‌లో మార్పులు ప్లేయర్‌కు చేరేలా సింక్ ఏర్పాటు చేసిపోయాడు. అప్పటి నుంచీ పరిస్థితి ఇంకా చెడిందని ఆయన ఫిర్యాదు.

నాలుగో సమస్య ఒకటుంది. అది ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. దాని సంగతి తర్వాత.

మొదట చేసినవి, ఎందుకు పనికిరాలేదు

హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమంటోంది. కాబట్టి దేనికీ చెయ్యి పెట్టకముందే మొత్తం ఇంకో డిస్కులోకి కాపీ తీశాను. ఈ కేసులో మొదటి వారం నేను చేసిన మంచి పని ఇదొక్కటే.

లెక్క తీస్తే 4,312 ఫైళ్లు. "న్యూ ఫోల్డర్" పేరుతోనే పదకొండు ఫోల్డర్లు. వరుస తప్పుతోందంటే ట్యాగుల్లో (ఫైలు లోపల పాట పేరు, గాయకుడు వంటివి రాసి ఉండే చోటు) ట్రాక్ నంబర్లు లేవేమో అనుకున్నాను. రెండు సాయంత్రాలు కూర్చుని ట్యాగులు మార్చే ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాంతో రాయబారం సీను మొత్తానికి నంబర్లు వేశాను. ప్లేయర్‌లో పెడితే తేడా ఏమీ లేదు. ఆ ప్లేయర్ ఫోల్డర్ల వారీగా పాడుతోంది, ట్యాగుల్లో నంబరును అసలు చూడదు. ముందు పది నిమిషాలు ప్లేయర్‌ను పరీక్షించి ఉంటే ఆ రెండు సాయంత్రాలు మిగిలేవి.

తర్వాత పేర్లు. వేలకొద్దీ ఫైళ్లకు చేత్తో పేర్లు పెట్టడం బద్ధకమై, ధ్వనిని బట్టి పాటను గుర్తుపట్టే పికార్డ్ అనే ప్రోగ్రాం నడిపాను. అది పాట వేలిముద్ర లాంటిది తీసి ఇంటర్నెట్‌లో ఉన్న డేటాబేస్‌తో పోల్చి చూస్తుంది. సినిమా పాటలకు, మార్కెట్లోకి వచ్చిన ఆల్బములకు బాగానే ఉంటుంది. ఊరి జాతరలో రికార్డు చేసిన పద్యం ఏ డేటాబేస్‌లో ఉంటుంది? సీడీల్లోంచి వచ్చిన కొన్ని దొరికాయి, అంతే. అనుమానంగా కలిసిన కొన్నింటికి నేను చూసుకోకుండా సరే కొట్టేశాను. శకుని పద్యానికి సినిమా ఆల్బం పేరు వచ్చి కూర్చుంది. వాటిని వెనక్కి తీయడానికి ఇంకో పూట పట్టింది.

మూడో తప్పు పెద్దది. లైబ్రరీ ఎట్లా ఉంటే కార్డు అట్లాగే ఉండాలని ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ అనే ప్రోగ్రామును ఎంఐఆర్ స్విచ్‌తో నడిపాను. అది అద్దంలా పనిచేస్తుంది: ఇటువైపు లేనిది అటువైపు కూడా ఉండనివ్వదు. ప్లేయర్‌లో ఉన్నవన్నీ లాప్‌టాప్‌లోవే అని మనవడు ఫోన్‌లో చెప్పాడు, నేను నమ్మాను. ఆ ప్లేయర్‌కు మైకు ఉందని, అయ్యవారు దాంట్లో రికార్డు కూడా చేస్తారని మా ఇద్దరికీ తోచలేదు. మర్నాడు పొద్దున్నే షాపు తీయకముందే వచ్చి నిలబడ్డారు.

"నా రికార్డు ఫోల్డరు యాడికి పోయిందప్పా?"

37 రికార్డింగులు. తనతో పాతికేళ్లు ఆడిన నటులు ఇంటికి వచ్చినప్పుడు పాడించుకున్న పద్యాలు.

కార్డు వెంటనే తీసేయించాను. ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డులో ఫైలు తుడిస్తే లోపలి డేటా అప్పటికప్పుడు పోదు. ఫైలు పేరులో మొదటి అక్షరం స్థానంలో తుడిచినట్టు గుర్తు పడుతుంది, ఆ చోటు ఖాళీ అని లెక్కలోకి వెళ్తుంది. కొత్త డేటా దాని మీద పడేదాకా తీయొచ్చు. తుడిచిన ఫైళ్లను వెతికి తీసే ఫోటోరెక్ అనే ప్రోగ్రాంతో 31 వచ్చాయి. ఆ ప్లేయర్ రికార్డులను వేవ్ ఫైళ్లుగా రాయడం కలిసొచ్చింది, ఎందుకంటే ఆ ఫైలు మొదట్లోనే దాని పొడవు రాసి ఉంటుంది. మిగతా ఆరింటి మీద నేను ఎక్కించిన కొత్త ఫైళ్లే పడిపోయాయి. వచ్చినవాటికి కూడా పేర్లు, తేదీలు లేవు. పోయిన ఆరింటిలో ఏమున్నాయో ఆయనకు కచ్చితంగా గుర్తు లేదు. తిట్టి ఉంటే బాగుండేది. "పోనీలేప్పా" అని కుర్చీలో కూర్చున్నారు.

మళ్లీ మొదటి నుంచి

ఆ రోజు పని ఆపేసి, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను. "అయ్యవారూ, మీకు ఒక పద్యం కావాలంటే ఎట్లా వెతుక్కుంటారు?"

ఆయన ఆలోచించుకోను కూడా లేదు. "ముందు సీను. సీన్లో పాత్ర. పాత్రకు పద్యం ఎత్తుగడ. పాడినాయన ఎవరనేది ఆఖర్న."

నేనూ, మనవడు పెట్టిన ప్రోగ్రామూ చేసింది దీనికి సరిగ్గా తిరగేసి: ముందు గాయకుడు, తర్వాత ఆల్బం, తర్వాత పాట. సినిమా పాటలు వినేవాళ్లకు ఆ వరుస సరిపోతుంది. హార్మోనిస్టుకు రాయబారం కావాలి, అందులో కృష్ణుడు కావాలి, ఆ పద్యాన్ని నలుగురు ఎట్లా ఎత్తుకున్నారో పక్కపక్కన వినాలి. గాయకుడి వారీగా పెడితే ఒక్క సీను పదమూడు ఫోల్డర్లలో చెదిరిపోయింది.

డూప్లికేట్ల విషయంలోనూ నా లెక్క తప్పని అప్పుడే తెలిసింది. బైటు బైటు సరిపోలిన 611 ఫైళ్లు తీసేయడంలో పేచీ లేదు. ట్యాగు మార్చినవాటి ఫైలు మొత్తానికి హ్యాష్ (లోపలి డేటాను బట్టి లెక్కగట్టే గుర్తు) తీస్తే వేరేగా వస్తుంది కాబట్టి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాంతో ట్యాగును పక్కనబెట్టి ధ్వనికి మాత్రమే హ్యాష్ తీశాను. ఇంకో 274 దొరికాయి. మిగిలినవి 3,427. వీటిలోనూ ఒకే పద్యం, ఒకే గొంతు, దాదాపు ఒకే నిడివి ఉన్న జంటలు చాలా కనిపించాయి. తీసేయడానికి జాబితా రాసుకున్నాను. అయ్యవారు రెండు జంటలు విని నవ్వారు. "ఇది వన్స్‌మోర్ అప్పా. మొదటిసారి మామూలుగా పాడినాడు. జనం వన్స్‌మోర్ అంటే రెండోసారి రాగం ఎంత లాగినాడో సూడు." ఆ జాబితా చించేశాను. ధ్వని అచ్చంగా ఒకటే అయితే తప్ప ఏదీ తీయకూడదని అప్పుడు పెట్టుకున్న నియమమే ఇప్పటికీ పాటిస్తున్నాను.

ప్లేయర్‌ను ముందు పరీక్షించడం

ఈసారి లైబ్రరీ జోలికి పోకుండా ఖాళీ కార్డు ఒకటి తీసుకుని ప్లేయర్‌కు ఏం తెలుసో, ఏం తెలియదో చూశాను. ఒకే పద్యాన్ని మూడు రకాల ట్యాగులతో పెట్టాను. ఐడీ3 అనే ట్యాగు పద్ధతి 2.4 వెర్షన్‌లో, యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడుతో తెలుగు పెడితే పిచ్చి గుర్తులు వచ్చాయి. 2.3 వెర్షన్‌లో యూటీఎఫ్-16 అనే ఇంకో కోడుతో తెలుగు పెడితే అక్షరానికొక డబ్బా. ఇంగ్లీషు అక్షరాలు సరిగా కనిపించాయి. రెండో ఫలితమే అసలు జవాబు. డబ్బాలు వచ్చాయంటే అక్షరాలు లోపలికి సరిగానే చేరుతున్నాయి, ప్లేయర్‌లో తెలుగు ఫాంటు లేదు. ఇక ట్యాగుల్లో ఎంత తిప్పలు పడినా తెలుగు కనిపించదు.

వరుస కోసం పది చిన్న ఫైళ్లు కావాలని తారుమారుగా ఎక్కించాను. ప్లేయర్ వాటిని పేరు వరుసలో కాకుండా, నేను ఎక్కించిన వరుసలోనే పాడింది. ఇట్లాంటి చవక ప్లేయర్లు చాలావరకు ఇంతే: కార్డులో ఫోల్డరు పట్టీలో ఏ ఎంట్రీ ముందుంటే అది ముందు. కంప్యూటర్ మనకు పేరు వరుసలో సర్ది చూపిస్తుంది కాబట్టి తేడా కనపడదు. పైగా ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి మౌస్‌తో లాగేటప్పుడు, ఏ ఫైలు మీద పట్టుకుని లాగామో అది మొదట కాపీ అవుతుంది. దుర్యోధనుడు ఆలస్యంగా లేవడానికి కారణం బహుశా మనవడి మౌస్.

ఆగిపోయే ఫైళ్లు పాత ఫోన్‌లో రికార్డు చేసినవని తేలింది. సెకనుకు 8,000 శాంపిళ్ల రికార్డును అట్లాగే ఎంపీ3 చేస్తే, అది అసలు ప్రమాణంలో లేని ఎంపెగ్ 2.5 అనే రకంగా తయారవుతుంది. ఈ ప్లేయర్ దాన్ని పాడలేదు. 44,100కు మార్చి ఎక్కిస్తే పాడింది. వాట్సాప్ ఓపస్ ఫైళ్లకూ అదే వైద్యం.

పనిచేసిన పద్ధతి

మూడు చోట్లు వేరు చేశాను. స్టూడియో ఇచ్చినవి, ఫోన్‌వి, అన్నీ ఎట్లా వచ్చాయో అట్లాగే ఉండేది ఒకటి, దానికి ఎవరూ చెయ్యి పెట్టకూడదు. తెలుగు పేర్లు, సరిచేసిన ధ్వని ఉండే లైబ్రరీ రెండోది. ప్లేయర్ కోసం దాంట్లోంచి తయారయ్యే కాపీ మూడోది.

ప్లేయర్ కాపీకి పేర్లు ఏం పెట్టాలన్నది కొన్నాళ్లు తేలలేదు. పద్యం ఎత్తుగడను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూపించాను. అయ్యవారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివి, "ఇది పద్యమా, ఏదైనా మందు పేరా?" అన్నారు. ఆయన హార్మోనియం పక్కన ఎప్పుడూ ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది, పద్యాలు, శ్రుతులు రాసుకునేది. దాన్ని చూశాకే దారి దొరికింది. పేర్లు పుస్తకంలో తెలుగులో ఉంటాయి, ప్లేయర్‌లో నంబర్లు ఉంటే చాలు. సీనుకు, పాత్రకు కలిపి ఒక ఫోల్డరు, మూడంకెల నంబరు. లోపల పద్యానికి రెండంకెలు. 041-07 అంటే రాయబారంలో కృష్ణుడి ఏడో రికార్డింగు. 7 అని కాకుండా 07 అని రాయాలి. లేకపోతే కాపీ చేసే ప్రోగ్రాం 1 తర్వాత 10 తీసుకోవచ్చు. ఫోల్డర్లు మొత్తం 94 అయ్యాయి.

నోట్‌బుక్ చేతిలో లేనప్పుడు? ప్రతి ఫోల్డరులో 00 నంబరుతో చిన్న అనౌన్స్‌మెంట్ పెట్టాం, ఆయన గొంతుతోనే. 94 అనౌన్స్‌మెంట్లు మా షాపు వెనక గదిలో ఒకే మధ్యాహ్నం రికార్డు చేశాం. ఫ్యాన్ చప్పుడు పడుతోందని ఫ్యాన్ ఆపాల్సి వచ్చింది. ఏప్రిల్ నెల, అనంతపురం. ముప్పయ్యోది అయ్యేసరికి చొక్కా విప్పి తువ్వాలు కప్పుకున్నారు, కానీ గొంతులో మాత్రం ఎక్కడా అలసట లేదు: "నలభై ఒకటి. రాయబారము. శ్రీకృష్ణుడు."

సింక్ విషయంలో నా నిర్ణయం తోటి పనివాళ్లకు వింతగా అనిపించవచ్చు. మారినవాటిని మాత్రమే ఎక్కించే పద్ధతి మానేశాను. మధ్యలో ఒక కొత్త పద్యం చేరిస్తే దాని ఎంట్రీ పట్టీలో చివరకో, ఎక్కడో ఖాళీలోకో పోతుంది, వరుస మళ్లీ తప్పుతుంది. పట్టీని సర్దే ప్రోగ్రాములు ఉన్నాయి కానీ రేపు నేను లేనప్పుడు ఆయన ఇంట్లోవాళ్లు వాటితో తంటాలు పడలేరు. మొత్తం 210 గంటల ధ్వని. 128 కేబీపీఎస్ నాణ్యతలో నిమిషానికి దాదాపు ఒక ఎంబీ, అంటే సుమారు 12 జీబీ. 32 జీబీ కార్డులో సుఖంగా పడుతుంది. మనవడు కొన్న 64 జీబీ కార్డు ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే ఫార్మాట్‌లో వచ్చింది, ఈ ప్లేయర్‌కు అది తెలియదు, అవసరమూ లేదు. కార్డు తుడిచి అంతా మళ్లీ రాయడానికి అరగంట లోపే పడుతుంది. నెలకొకసారి ఆ అరగంట ఖర్చు పెడితే వరుస గురించి ఇంకేమీ ఆలోచించనక్కరలేదు.

అయితే తుడవడం అనేసరికి నాకు ఆ 37 గుర్తొస్తాయి. అందుకే కార్డు తుడిచి రాయడానికి నేను రాసిన స్క్రిప్టులో (చిన్న ప్రోగ్రాం) మొదటి మెట్టు కార్డులోని రికార్డు ఫోల్డరును తేదీ వేసి లాప్‌టాప్‌లోకి తీయడం. రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, హ్యాష్ సరిపోతేనే ముందుకు పోతుంది. సరిపోకపోతే ఆగి, తెలుగులో "ఫోన్ చేయండి" అని నా నంబరు చూపిస్తుంది. కార్డును కూడా వాడకముందు, చోటు నిజంగా ఉందో లేదో చూసే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాంతో నిండా రాసి చదివించాను. పైన 32 అని రాసి లోపల అంత చోటు లేని నకిలీ కార్డులు నా చేతికి చాలానే వచ్చాయి.

నాలుగో సమస్య

అన్నీ సర్దాక కార్డు పెట్టుకుని వాయించి చూస్తూ అయ్యవారు ఆగారు. "ఈయన నాలుగు శ్రుతిలో పాడతాడప్పా. నాలుగున్నర పలుకుతాంది."

అర శ్రుతి పెరిగిందంటే టేపు దాదాపు ఆరు శాతం వేగంగా తిరుగుతోందని లెక్క. స్టూడియో డెక్కుదే తప్పనుకున్నాను, కానీ కొన్ని క్యాసెట్లే అట్లా ఉన్నాయి. నాటకం రికార్డు చేసిన టేప్ రికార్డర్ బ్యాటరీ దిగిపోతే రికార్డు చేసేటప్పుడు టేపు నెమ్మదిగా తిరుగుతుంది. దాన్ని మామూలు డెక్కులో వేస్తే వేగంగా పలుకుతుంది. అందుకే కొన్నింటిలో తెల్లవారుజాము సీన్లకు వచ్చేసరికి శ్రుతి ఇంకా ఎక్కింది.

ఎంత తగ్గించాలి? మైక్ సెట్ హమ్మింగ్ పట్టుకుందామనుకున్నాను. మన కరెంటు 50 హెర్ట్‌జ్, దాన్నుంచి వచ్చే హమ్మింగ్ కూడా అక్కడే ఉండాలి. ఆడాసిటీ అనే ప్రోగ్రాంలో, ధ్వనిని గీతలుగా చూపించే స్పెక్ట్రంలో ఒక టేపులో 50 దగ్గర ఒక గీత, 53 దగ్గర ఇంకో గీత కనిపించాయి. మొదటిది టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించిన రోజు హమ్మింగ్, రెండోది నాటకం నాటిది. పండగలా అనిపించింది. కానీ పల్లెల్లో చాలా నాటకాలు జనరేటర్ మీద ఆడేవి, దాని 50ను నమ్మలేం. ఆ కాలపు కరెంటు కూడా 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు. అందుకని హమ్మింగ్‌తో ఒక అంచనాకు వచ్చి, చివరి మాట అయ్యవారి చెవికే వదిలాను. ఆయన హార్మోనియం తెచ్చుకుని మెట్టు నొక్కి పట్టుకునేవారు, నేను వేగం తగ్గించేవాణ్ని. ఇరవై రెండు క్యాసెట్లు సరిచేశాం, ఎక్కువ భాగం ఐదు, ఐదున్నర శాతం తగ్గింపుతో. ఎంత తగ్గించామో ప్రతి ఫైలు కామెంట్ ట్యాగులో రాశాను, మూలాన్ని ముట్టలేదు. పోను పోను శ్రుతి ఎక్కే నాలుగు క్యాసెట్లు అట్లాగే ఉన్నాయి. వాటిని ముక్కముక్కగా సరిచేస్తే అతుకుల దగ్గర రాగం తెగుతోంది.

దీని తర్వాత నా పనిలో మారినవి

షాపుకు ఎవరు ప్లేయర్ తెచ్చినా ముందు కార్డు మొత్తం కాపీ తీసి కవర్లో పెడతాను, ఓనరు "దాంట్లో ఏం లేదు" అన్నా సరే. అద్దం స్విచ్ వాడాల్సి వస్తే ముందు ఎల్ స్విచ్‌తో ఉత్తుత్తిగా నడిపి, ఏవి తుడవబోతోందో ఆ జాబితా ఓనరుకే చదివి వినిపిస్తాను. "మీరెట్లా వెతుక్కుంటారు" అనే ప్రశ్న రసీదు పుస్తకంలోనే అచ్చు వేయించాను. మొన్న ఒక భజన బృందం ఆయన దానికి "ఏ దేవుడు, తర్వాత ఏ వారం" అని రాసిచ్చారు.

ఫోటోరెక్‌తో వచ్చిన 31 రికార్డింగులకు ఫోల్డరు 095 ఇచ్చాం. అయ్యవారు వాటిని ఒక్కొక్కటే విని ఎవరి గొంతో గుర్తుపట్టి నోట్‌బుక్‌లో రాస్తున్నారు, ఇప్పటికి పందొమ్మిది అయ్యాయి. పోయిన వారం ఫోన్ చేశారు. ఏదైనా పోయిందేమోనని నాకు టెన్షన్.

"ఏమీ ల్యాదప్పా. నలభై ఒకట్లో ఎనిమిదోది ఏడో దానికి ముందు రావల్ల. ఈ నెల తుడిచేటప్పుడు మార్చు."